గుండుసూది తలంత గడ్డ, నాలుగేళ్ల నొప్పి: గోరు కింది గ్లోమస్ ట్యూమర్ గురించి

మీరు రాసింది రెండుసార్లు చదివాను. వయసు ముప్ఫై ఎనిమిది. ఎడమచేతి ఉంగరపు వేలు. నాలుగేళ్లుగా గోటి మొదట్లో ఒకే ఒక్క చోట నొప్పి. చన్నీళ్లు తగిలితే జివ్వుమని మోచేతి దాకా పాకుతుంది. ఎక్స్-రే బాగుందన్నారు, నరాలకు మాత్రలిచ్చారు, మెడ ఎముకలు అరిగాయన్నారు, ఆఖరికి టెన్షన్ తగ్గించుకోమన్నారు. ఇప్పుడు ఎమ్మారై రిపోర్టులో 'గ్లోమస్ ట్యూమర్ అయి ఉండొచ్చు' అని రాశారు. ఆ రెండో మాట చూసినప్పటి నుంచి మీకు నిద్ర లేదు. ఇది క్యాన్సరా, ఆపరేషన్ తప్పదా, గోరు పోతుందా, తీశాక మళ్లీ వస్తుందా అని అడిగారు. చేతి సర్జరీలోనే ఇరవై ఏళ్లు దాటాయి కాబట్టి నాకు తెలిసింది చెప్తాను. మీ వేలు నేను చూడలేదు, అది గుర్తుంచుకుని చదవండి.

ముందు నిద్ర పట్టే మాట. గోరు కింద వచ్చే గ్లోమస్ ట్యూమర్ దాదాపు ఎప్పుడూ క్యాన్సర్ కాదు. ట్యూమర్ అంటే గడ్డ, అంతే. ఇందులో చెడ్డ రకం ఉంది గానీ అది చాలా చాలా అరుదు. మీరు ఈపాటికి నెట్‌లో వెతికే ఉంటారు, చెవి లోపల, మెడలో వచ్చే 'గ్లోమస్' గడ్డల గురించి, రేడియేషన్ గురించి చదివి ఇంకా హడలిపోయి ఉంటారు. అవి వేరు. వాటి అసలు పేరు పారాగ్యాంగ్లియోమా. అవి పుట్టేది నరాలకు సంబంధించిన కణాల నుంచి. ఎప్పుడో పెట్టిన పాత పేరు ఇంకా వాడుకలో ఉండిపోవడం వల్ల ఈ గందరగోళం. మీ వేలికీ వాటికీ పేరు తప్ప చుట్టరికం లేదు.

మరి ఇదేమిటి? మన వేళ్ల కొసల్లో, అరచేతుల్లో, అరికాళ్లలో చర్మం లోపల సన్నటి రక్తనాళాల చిక్కుముడులు ఉంటాయి. మామూలుగా రక్తం ధమని నుంచి కేశనాళికల్లోకి వెళ్లి, అక్కడి నుంచి సిరలోకి వస్తుంది. ఈ ముడుల్లో మాత్రం ధమని నుంచి సిరకి నేరుగా అడ్డదారి ఉంటుంది. దాని గోడ చుట్టూ కండరపు గుణం ఉన్న గ్లోమస్ కణాలు వరసలుగా పేర్చి ఉంటాయి. అవి ముడుచుకుంటే దారి మూసుకుంటుంది, సడలితే తెరుచుకుంటుంది. చలికీ వేడికీ తగ్గట్టు చర్మంలోకి ఎంత రక్తం పోవాలో అదుపు చేసే కుళాయిలన్నమాట. ఈ కణాలే ఒకచోట లెక్క తప్పి పెరిగి చిన్న ఉండలా తయారైతే అది గ్లోమస్ ట్యూమర్. సాధారణంగా సెంటీమీటరు కూడా ఉండదు, గోరు కింద దొరికేవి చాలావరకు మూడు నుంచి ఐదు మిల్లీమీటర్లు. చేతిలో వచ్చే మెత్తటి గడ్డలన్నిటిలో ఇవి నూటికి ఒకటి నుంచి ఐదు. గోరు కింద వచ్చేవి ముప్ఫై నుంచి యాభై ఏళ్ల మధ్య ఆడవాళ్లలోనే ఎక్కువ.

ఇది కొత్త జబ్బేం కాదు. చర్మం కింద విపరీతంగా నొప్పెట్టే చిన్న బొడిపెల గురించి విలియం వుడ్ అనే సర్జన్ 1812లోనే రాశాడు. అవి ఏ కణాల నుంచి పుడతాయో 1924లో పియర్ మాసన్ అనే డాక్టరు తేల్చి చెప్పాడు.

ఇంత చిన్నదానికి అంత నొప్పా అని మీ ఇంట్లో వాళ్లు అన్నారని రాశారు. వాళ్లకు ఇది చెప్పండి. గోరు పైన గట్టి పలక, కింద ఎముక. మధ్యలో గోరు కూర్చునే మెత్తటి మంచం ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు. అందులో ఒక గడ్డ పెరిగితే అది జరగడానికి చోటేదీ? పొట్టలో నిమ్మకాయంత గడ్డ ఏళ్ల తరబడి చప్పుడు చేయకుండా ఉండగలదు, గోరు కింద గుండుసూది తలంతది రాత్రంతా కూర్చోబెడుతుంది. పైగా గడ్డలోకి సన్నటి నరాల పోగులు చాలా వెళ్తాయి. చలి తగలగానే ఆ కణాలు ముడుచుకోవడం, లోపల ఒత్తిడి మారడం, దాంతో ఆ పోటు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటాం కదా, వీళ్లకు రోకలి అక్కర్లేదు, దుప్పటి అంచు తగిలినా చాలు.

ఈ జబ్బుకు మూడు గుర్తులు పుస్తకాల్లో ఉంటాయి: ఆగి ఆగి వచ్చే తీవ్రమైన నొప్పి, సూది మొనంత చోట మాత్రమే ముట్టుకోనివ్వని బాధ, చలి పడకపోవడం. మూడూ అందరిలో ఉండవు. మీకు మూడూ ఉన్నాయి. అయినా నాలుగేళ్లు పట్టిందంటే నాకు ఆశ్చర్యం లేదు, ఏళ్ల తరబడి తిరిగి తిరిగి వచ్చేవాళ్లే నాకు ఎక్కువ. పైకి వాపుండదు, ఎరుపుండదు, ఎక్స్-రే తెల్లగా నవ్వుతుంది. నొప్పి మోచేతి దాకా పాకుతుంది కాబట్టి చూపు మెడ మీదికి పోతుంది. ఆ వయసులో మెడ స్కాన్ తీస్తే ఏదో ఒక అరుగుదల కనబడనే కనబడుతుంది. దొంగ దొరికాడనుకుంటారు.

నేనూ ఆ తప్పు చేశాను. చదువు పూర్తయిన కొత్తలో ఒకావిడ వచ్చింది. కూర్చున్నంతసేపూ చూపుడు వేలు మిగతా వేళ్లకు దూరంగా, గాల్లో నిలబెట్టి పట్టుకుంది. చీటీ ఇస్తే ఆ వేలు తగలకుండా బొటనవేలు, మధ్యవేలితో అందుకుంది. అంతా నా కళ్ల ముందే. నేను వేలంతా కలిపి నొక్కి చూసి, 'ఎక్కడ నొప్పి' అని అడిగి, 'ఇక్కడంతా' అంటే నరాల మాత్రలు రాసి పంపాను. ఏడాదిన్నర తర్వాత వేరే చోట గోరెత్తి గడ్డ తీయించుకుని, ఆ సంగతి చెప్పడానికే నా దగ్గరికి వచ్చింది. కోప్పడలేదు. 'సూదితో చూడాలటండీ' అని మాత్రం అంది. అప్పటి నుంచి నా బల్ల మీద గుండుసూది ఉంటుంది.

ఆ సూది పరీక్ష పేరు లవ్ టెస్ట్. పేరు చూసి నవ్వకండి, 1944లో దాన్ని వివరించిన డాక్టర్ ఇంటిపేరు అది. సూది మొనతో కాదు, గుండు వైపుతో, లేదా పెన్సిల్ కొసతో, గోటి మీద వరసగా మిల్లీమీటరు మిల్లీమీటరు జరుపుతూ మెల్లగా నొక్కుతారు. పక్కన నొక్కితే ఏమీ ఉండదు. సరిగ్గా ఆ చుక్క మీద పడగానే మనిషి చెయ్యి లాగేసుకుంటుంది. ఒక్క మిల్లీమీటరు తేడాలో ఏమీ లేకపోవడం, ప్రాణం పోయినట్టుండడం, ఈ రెండూ ఇంత దగ్గరగా ఇంకే జబ్బులోనూ చూడలేదు నేను.

రెండోది హిల్డ్రెత్ పరీక్ష, 1970 నాటిది. చెయ్యి పైకెత్తి రక్తం కిందికి దిగనిచ్చి, బీపీ పట్టీ లాంటిది బిగించి రక్తం రాకుండా ఆపుతారు. ఇప్పుడు అదే చుక్క మీద నొక్కితే నొప్పి ఉండదు, లేదా బాగా తగ్గుతుంది. పట్టీ వదలగానే రక్తం పరుగెత్తుకొచ్చి నొప్పి ఒక్కసారిగా తిరగబెడుతుంది. నరం నొక్కుకుపోయిన నొప్పి అయితే ఇలా చెప్పినట్టు వినదు. నాకు అన్నిటికన్నా నమ్మకమైన పరీక్ష ఇదే. మూడోది ఐసు ముక్క, దాన్ని మీ వేలు ఇంట్లోనే చేసి చూపించేసింది, మళ్లీ చేయించుకోనక్కర్లేదు.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు గోళ్ల రంగు తీసేసి వెళ్లండి. కొందరిలో గోటి కింద నీలంగానో ఎర్రగానో చిన్న మచ్చ కనిపిస్తుంది, లేదా గోటి మొదలు నుంచి కొస దాకా సన్నటి ఎర్ర గీత, దాని చివర గోరు చీలిక. చీకటి గదిలో వేలి కింద నుంచి టార్చి వేసి చూస్తే కొన్నిసార్లు ఆ మచ్చ ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. రెండు చేతుల గోళ్లూ పక్కపక్కన పెట్టి చూడాలి, వంపులో తేడా అలాగే దొరుకుతుంది.

స్కాన్ల సంగతి. ఎక్స్-రేలో గడ్డ కనబడదు. గడ్డ చాలాకాలం ఆనుకుని ఉండి ఎముకను గిన్నెలా తొలిచేస్తే ఆ గుంట మాత్రం కనబడుతుంది. గుంట లేనంత మాత్రాన గడ్డ లేదని కాదు. మంచి ప్రోబ్‌తో, ఓపికతో చేస్తే అల్ట్రాసౌండ్ డాప్లర్‌లో నల్లటి చిన్న ఉండ, అందులో ఉరకలేసే రక్తం కనిపిస్తాయి. ఎమ్మారైలో టీ2 అనే రకం చిత్రాల్లో దీపంలా మెరుస్తుంది, మందు ఎక్కించాక ఇంకా వెలుగుతుంది. మీ రిపోర్టులో రాసింది ఇదే, నాలుగు మిల్లీమీటర్లని కొలత కూడా ఇచ్చారు. ఇది చదివే మిగతావాళ్లకు ఒక మాట: రెండు మూడు మిల్లీమీటర్ల గడ్డ ఎమ్మారైలో కూడా తప్పిపోవచ్చు. సూది పరీక్ష, పట్టీ పరీక్ష రెండూ గట్టిగా చెబుతుంటే, స్కాన్ బాగుందని మనిషిని ఇంటికి పంపడం సరి కాదు. నేను వేలి మాటే వింటాను.

గోరు కింద నొప్పంతా ఇదే అనుకోవడమూ పొరపాటే. ఎముక మీద లేచే బొడిపె, కీలు దగ్గర నీటి బుడగ, పాత దెబ్బ తర్వాత నరం చివర కట్టే ముడి, ఎముకలో వచ్చే ఆస్టియాయిడ్ ఆస్టియోమా అనే చిన్న గడ్డ, ఇవన్నీ ఇలాగే ఏడిపించగలవు. చలికి వేళ్లన్నీ తెల్లబడి నీలమయ్యేది రేనాడ్స్, అది ఒక్క వేలికి, ఒక్క చుక్కకి పరిమితం కాదు. వీటన్నిటికన్నా ముఖ్యమైంది, నొప్పి లేకపోయినా సరే, గోటి కింద నల్లటి చార కొత్తగా వచ్చి వెడల్పవుతుంటే, ఆ నలుపు గోటి పక్క చర్మం మీదికి పాకుతుంటే అది మెలనోమా అనే చర్మ క్యాన్సర్ కావచ్చు. అక్కడ ఆలస్యం పనికిరాదు, ముక్క తీసి పరీక్ష చేయించాలి. మీరు రాసినదాంట్లో అలాంటిదేమీ లేదు.

ఇక వైద్యం. మాత్రలతో కరగదు. నొప్పి మాత్రలు, నరాల మాత్రలు నామమాత్రం. స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించుకోవద్దు, గడ్డ పోదు, గోటి మంచం పలచబడుతుంది. తీసేయడమే మందు. తప్పదా అంటే, ప్రాణానికి ముప్పు లేదు కాబట్టి తొందరేమీ లేదు, వద్దనుకుంటే ఊరుకోవచ్చు. కానీ తనంతట తాను తగ్గదు. నాలుగేళ్లు భరించారు, ఐదో ఏడు ఎందుకో నాకు అర్థం కాదు.

చిన్న ఆపరేషనే. వేలికి మాత్రమే మత్తు, పొద్దున వెళ్తే సాయంత్రానికి ఇంటికి. వేలి మొదట్లో పట్టీ కట్టి రక్తం ఆపుతారు. కళ్లకు లూప్ (చిన్నవి పెద్దగా చూపించే కళ్లద్దాలు) పెట్టుకుని గోరును జాగ్రత్తగా ఎత్తుతారు, కొందరు సగమే తలుపులా తెరుస్తారు. కింద గులాబీ రంగు మంచాన్ని నిలువుగా కోస్తే గడ్డ కనిపిస్తుంది: నునుపుగా, బూడిద కలిసిన ఎరుపో ఊదారంగో, తనకంటూ పలచటి తొడుగుతో, కోతలోంచి పైకి ఉబికి వచ్చినట్టు. చక్కగా విడివడితే గింజ ఒలిచినట్టు చెక్కుచెదరకుండా వస్తుంది. ఎముకలో గుంట చేసుకుని ఉంటే ఆ గుంటను గీకి శుభ్రం చేస్తారు. మంచాన్ని జుట్టంత దారంతో, కరిగిపోయే కుట్లతో కలిపేసి, తీసిన గోరునే కడిగి మళ్లీ పైన పెడతారు. అదే కట్టు, అదే కవచం. గడ్డ ఒక పక్కకు ఉంటే గోరు ముట్టుకోకుండా వేలి పక్క నుంచి కోత పెట్టి తీసే పద్ధతీ ఉంది. గోరు బాగా మిగులుతుంది గానీ లోపల చూడటానికి సందు తక్కువ. మీది గోటి మొదట్లో, మధ్యలో ఉందని రిపోర్టు చెబుతోంది కాబట్టి నేనైతే గోరు ఎత్తే తీస్తాను.

ఒక చిన్న వృత్తి రహస్యం కూడా చెప్తాను. పట్టీ కట్టేముందు వేలిలోని రక్తం మొత్తం పిండేస్తే గడ్డ కూడా పాలిపోయి చుట్టూ ఉన్న మెత్తటి మంచంలో కలిసిపోతుంది, వెతుక్కోవాలి. అందుకే నేను చెయ్యి కాసేపు పైకెత్తించి ఊరుకుంటాను, పిండను. కాస్త రక్తం మిగిలితే గడ్డ తన రంగుతో తానే దొరుకుతుంది.

గోరు పోతుందా? ఎత్తిన గోరు కొన్ని వారాల్లో రాలుతుంది, కింద కొత్తది వస్తుంది. చేతి గోరు నెలకు సుమారు మూడు మిల్లీమీటర్లు పెరుగుతుంది, కాబట్టి పూర్తిగా రావడానికి నాలుగు నుంచి ఆరు నెలలు. మీ గడ్డ గోరు పుట్టే చోటే ఉంది కాబట్టి ఒక నిలువు గీతో, సన్నటి చీలికో మిగిలే అవకాశం కొంచెం ఉంది. అది దాచి చెప్పడం నాకిష్టం లేదు. అయితే నా దగ్గర ఆపరేషన్ అయినవాళ్లెవరూ గోటి గీత గురించి బాధపడి తిరిగి రాలేదు. నొప్పి తిరిగొచ్చి వచ్చినవాళ్లున్నారు.

మళ్లీ వస్తుందా అన్నదానికి జవాబు అదే. వేర్వేరు ఆస్పత్రుల లెక్కలు వేర్వేరుగా ఉన్నాయి, ఐదో వంతు దాకా చెప్పినవాళ్లున్నారు. కొన్ని వారాల్లోనో నెలల్లోనో పాత నొప్పే ఉందంటే, చాలావరకు తొడుగు చిరిగి కొంత లోపల మిగిలిందనో, పక్కనే రెండో గడ్డ ఉండి కనబడలేదనో అర్థం. ఏళ్ల తర్వాత వస్తే కొత్తది పుట్టి ఉండొచ్చు. అందుకే మొదటి ఆపరేషన్ చేతి సర్జన్ దగ్గరో, గోటి ఆపరేషన్లు తరచూ చేసే ప్లాస్టిక్ సర్జన్ దగ్గరో చేయించుకోమంటాను. 'లూప్ వాడతారా, ఇలాంటివి ఎన్ని తీశారు' అని అడగండి. అడిగితే నొచ్చుకునేవాళ్ల దగ్గర చేయించుకోకండి. ఆపరేషన్ అయిన మర్నాడే పాత పోటు మాయమైందని కొందరు ఏడ్చేస్తారు. ఇంకొందరికి కోత తాలూకు సలుపు, ముట్టుకుంటే చురుక్కుమనడం రెండు మూడు నెలలు ఉంటుంది. ఆ మూడు నెలలలోపు మళ్లీ ఎమ్మారై తీస్తే మానుతున్న గాయమే మెరిసి అందర్నీ కంగారుపెడుతుంది, ఆగండి.

తీసిన గడ్డను బయాప్సీకి పంపాలి, ఎంత చిన్నదైనా సరే. ముందుగా వేరే ముక్క తీయించుకోవాల్సిన పనిలేదు, మొత్తం తీయడమే బయాప్సీ. రిపోర్టులో రక్తనాళాల చుట్టూ గుండ్రటి, ఒకేలాంటి కణాలున్నాయని, 'ఎస్ఎంఏ పాజిటివ్' (కణాలకు కండరపు గుణం ఉందని చెప్పే గుర్తు) అని ఉంటే అనుకున్నదే. కణాల కేంద్రకాలు వికృతంగా ఉండి, విభజనలు కూడా కనిపిస్తున్నాయని రాస్తే మాత్రం పెద్ద సెంటరులో ఇంకో పాథాలజిస్టుకు చూపించాలి. నేను ఇన్నేళ్లలో గోరు కింద అలాంటిది ఒక్కటీ చూడలేదు.

ఇంకొక్కటి చూసుకోండి. ఒకటి కంటే ఎక్కువ వేళ్లలో ఇదే నొప్పి ఉందా? ఒంటి మీద పాల కాఫీ రంగు మచ్చలు ఆరో, అంతకంటే ఎక్కువో ఉన్నాయా? ఉంటే న్యూరోఫైబ్రోమటోసిస్ ఒకటో రకం అనే జన్యు జబ్బు ఉందేమో చూడాలి, వాళ్లకు ఒకటికి మించి వేళ్లలో ఇవి వస్తాయి. మీ అక్కకు కూడా బొటనవేలి గోరు నొప్పి అన్నారు కదా, ఆవిడ చర్మం కూడా ఒకసారి చూడమనండి. మచ్చలేమీ లేకపోతే ఈ మాట ఇక్కడితో వదిలేయండి.

ఆపరేషన్ రోజు గురించి. మత్తు సూది పడిందంటే ఆ చుక్క మీకూ తెలియదు, సర్జన్‌కూ తెలియదు. కాబట్టి సూది వేయకముందే మీరు మెలకువగా ఉండగా గుండుసూది గుండుతో వెతికించి, సరిగ్గా అక్కడే పెన్నుతో గుర్తు పెట్టించండి. వాళ్లు మర్చిపోతే మీరు గుర్తు చేయండి. గుర్తు పెట్టాక మీరే ఒకసారి తాకి, ఇక్కడే అని చెప్పి, అప్పుడు చెయ్యి ఇవ్వండి.